కోతల వేళ కంటికి గండం: 'నానో' పేరు చూసి చుక్కలు వేసుకోకండి

మామిడి కోతలు ఊపందుకున్నాయి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట తోటల్లో తెల్లవారకముందే నిచ్చెనలు లేస్తున్నాయి. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు నున్న మార్కెట్టు దారి పడుతున్నాయి. ఈ హడావుడిలో ఒక్క మాట చెవిన వేసుకోండి. కంట్లో కొమ్మ గీసుకున్నా, ఆకు అంచు తగిలినా, పడిన నలుసు రాకపోయినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి. మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చుకుని వేసుకోకండి. ఆ డబ్బా మీద 'నానో' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా వద్దు. హైదరాబాదులో కనిపెట్టిన కొత్త మందు అని ఎవరు చెప్పినా వద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. రెండు ప్రమాదాలు కలిసి మన మీదికి వస్తున్నాయి. ఒకటి పాతదే, కొమ్మ గీసిన చోట కంట్లో పెరిగే బూజు. రెండోది కొత్తది. కంటి జబ్బులకు అతి సూక్ష్మమైన రేణువుల్లో మందు నింపి పంపే విద్య గురించి పత్రికల్లో, ఫోన్లలో అరకొరగా తెలుస్తోంది. ఆ అరకొర తెలివిడితో జనం అసలు వైద్యానికి ఆలస్యం చేస్తే, పోయిన చూపు ఏ కొత్త విద్యా తిరిగి తేలేదు.

ముందు తోటలో జరిగేది చూడండి. చిక్కం కట్టిన దోటి పట్టుకున్న మనిషి తల పైకెత్తి, కళ్ళు పెద్దవి చేసి, ఆకుల మధ్య కాయను వెతుకుతాడు. తొడిమకు తగిలించి లాగగానే కాయతోపాటు కొమ్మా వంగుతుంది. కాయ తెగిన మరుక్షణం ఆ కొమ్మ విసురుగా వెనక్కి లేస్తుంది. ఎండుపుల్లలు, దుమ్ము, చీమలు, తొడిమ దగ్గర చిమ్మే సొన అన్నీ కిందికి రాలతాయి. అతని చూపు మాత్రం పైకే ఉంటుంది. చెట్టెక్కి కోసేవారికైతే ముఖం చుట్టూ కొమ్మలే. కింద కాయలు ఏరే ఆడవాళ్ళు వంగి లేచేసరికి కంటి ఎత్తులోనే ఎండుపుల్ల పొడుచుకుని ఉంటుంది. షెడ్డులో గడ్డి పరిచేవాళ్ళ కంట్లో నూగు పడుతుంది. పక్క చేలో ఆయిల్‌పామ్ గెలలు కోసేవాళ్ళకు మట్టల ముళ్ళు.

"చిన్న గీతేలే, పొద్దున్నకి సర్దుకుంటుంది" అనుకుంటాం. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర మందం దాదాపు అర మిల్లీమీటరు. దాని పైతోలు లేచిపోతే చాలు, పుల్ల మీదున్న బూజు విత్తు లోపలికి దిగడానికి దారి దొరుకుతుంది. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనేవి మట్టిలో, కుళ్ళిన ఆకులో, ఎండుగడ్డిలో ఎప్పుడూ ఉండే బూజులు. దక్షిణ భారతంలో కంటిమీద బూజు పుండ్లకు ఎక్కువగా ఇవే కారణం. ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా కళ్ళు ఇలా బూజు బారిన పడుతున్నాయని అంచనా. అందులో ఎక్కువ భాగం మనలాంటి వేడి దేశాల్లోనే. పొలం పనే ఆధారంగా బతికేవాళ్ళే దీనికి ఎక్కువగా బలవుతున్నారు.

ఈ పుండు మొదట్లో మోసం చేస్తుంది. గీసుకున్న రోజు మంట, నీరు కారడం. రెండో రోజు కాస్త నయమనిపిస్తుంది. పనికి పోతారు. నాలుగు రోజులకో, వారానికో కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు చూడలేరు, ఇసుక పడ్డట్టు గరగర. నల్లగుడ్డు మీద చిన్న తెల్లని మచ్చ కనబడుతుంది. దాని అంచు తేటగా ఉండదు, ఈకలాగా చీలికలు చీలికలుగా పక్కకు పాకి ఉంటుంది. ఇంకా ముదిరితే నల్లగుడ్డు లోపల అడుగున తెల్లగా చీము నిలుస్తుంది. చూపు మసకబారుతుంది. అప్పటికి వచ్చినా డాక్టర్లు పోరాడతారు, కానీ చాలామందికి పుండు మానినా పువ్వు మిగులుతుంది. కొందరికి నల్లగుడ్డు మార్పిడి చేయాలి. కొందరికి గుడ్డే తీసేయాలి. షుగరు ఉన్నవాళ్ళకు ముప్పు మరీ ఎక్కువ.

ఇక్కడే అసలు ఘోరం జరుగుతోంది. కన్ను ఎర్రబడగానే డాక్టరు దగ్గరికి కాదు, షాపుకు వెళ్తాం. "కంటికి చుక్కలివ్వండి" అంటాం. లేదా ఇంట్లోనే వెతుకుతాం. నాయనమ్మకు శుక్లం ఆపరేషన్ అయినప్పుడు రాసిచ్చిన చుక్కల సీసా గూట్లో సగం మిగిలి ఉంటుంది. ఆమెకు బాగా పనిచేసింది కాబట్టి మనవడి కంట్లోనూ వేస్తారు. ఆ సీసాలో ఉండేది చాలాసార్లు స్టెరాయిడ్. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గించడానికి అది మంచి మందు. బూజు పట్టిన కంట్లో వేస్తే? మన ఒంటికి ఉన్న కాపలా శక్తిని స్టెరాయిడ్ అణచేస్తుంది. ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మనిషి సంతోషిస్తాడు. లోపల బూజుకు అడ్డు చెప్పేవారు ఉండరు. పది రోజుల్లో అది పొరను తొలిచేస్తుంది. ఎరుపు తగ్గడం చూసి ధైర్యం తెచ్చుకున్న ఆ పది రోజులే చూపును తీసుకుపోతాయి.

దయచేసి ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్. చుక్కల డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో ఇవి ఉంటాయి. చాలాసార్లు ఒక యాంటీబయాటిక్‌తో కలిపి ఉంటాయి, అందుకే "ఇది ఇన్‌ఫెక్షన్ మందే కదా" అని పొరబడతాం. ఇవన్నీ డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందులు. వాటి డబ్బా మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. చదువు రానివారు కూడా ఆ గీతను చూడగలరు. కంటి మందు డబ్బా మీద ఎర్ర గీత ఉంటే, డాక్టరు రాయకుండా అది మీ కంట్లో పడకూడదు.

ఇప్పుడు నానో సంగతికి వస్తాను. ఇది బూటకం కాదు. నిజమైన, గొప్ప విద్య. దాన్ని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. అది దేనికి అవసరమైందో తెలిస్తేనే, ఇప్పుడు దాని కోసం ఎందుకు ఎదురుచూడకూడదో అర్థమవుతుంది.

కన్ను తనను తాను కాపాడుకోవడంలో మహా గట్టిది. మనం వేసే చుక్కలో ఎక్కువ భాగం రెప్ప కొట్టగానే చెంప మీదికి కారిపోతుంది. మిగిలినదాన్ని కన్నీరు కడిగేస్తుంది, కొంత ముక్కులోకి జారుతుంది. చుక్కలు వేసుకున్నాక గొంతులో చేదు తగిలేది అందుకే. ఇన్ని దాటుకుని కంటి లోపలికి చేరేది నూటికి అయిదు పాళ్ళ లోపే. పైగా నల్లగుడ్డు పొరలో ఒక వరుస నూనెకు దారి ఇస్తుంది, దాని కింద వరుస నీటికి దారి ఇస్తుంది. రెండింటినీ దాటే మందు దొరకడం కష్టం. అందుకే గంటకోసారి చుక్కలు వేయమంటారు. కంటి వెనక తెర జబ్బులకు చుక్కలు చాలక ఏకంగా గుడ్డులోకే సూది వేస్తారు.

పురుగు మందు కొట్టేటప్పుడు ఆకు మీద నిలవడానికి జిగురు కలుపుతారు కదా, కంటి మందుకూ అలాంటి నిలకడ తేవాలన్నదే శాస్త్రవేత్తల ప్రయత్నం. మందును కొవ్వు బుడగల్లోనో, కరిగిపోయే ప్లాస్టిక్ లాంటి పదార్థపు రేణువుల్లోనో, మాంసకృత్తుల గుళికల్లోనో నింపుతారు. ఆ రేణువు పరిమాణం వెంట్రుక మందంలో వందో వంతు కన్నా చిన్నది. అది కంటి జిగటకు అంటుకుని నిలుస్తుంది, లేదా ఆ జిగటను దాటి లోపలికి జారుతుంది, మందును కొద్దికొద్దిగా వదులుతుంది. కంటి వెనక తెర జబ్బుకు కొవ్వు బుడగల్లో నింపిన ఒక మందుకు అమెరికా 2000లోనే అనుమతి ఇచ్చింది, దాన్ని చేతి నరంలోకి ఎక్కిస్తారు. 2018లో మన దేశపు సన్ ఫార్మా కంపెనీ కన్ను పొడిబారే జబ్బుకు అతి సూక్ష్మమైన గుళికల చుక్కలకు అక్కడ అనుమతి తెచ్చుకుంది. హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కంటి పుండ్ల కోసమే జెలటిన్ రేణువులు తయారుచేసి 2017లో ఆ పని ప్రచురించారు. సూక్ష్మజీవులు వదిలే ఎంజైము తగిలితే ఆ జెలటిన్ కరుగుతుంది, లోపలి మందు అక్కడే బయటపడుతుంది. జబ్బు ఉన్నచోటే మందు విడుదలయ్యే ఏర్పాటు. వినడానికి మన కోసమే చేసినట్టుంది. తెలుగు గడ్డ మీద ఇలాంటి పని జరుగుతోందంటే గర్వించాలి కూడా.

కానీ ప్రయోగశాలలో పనిచేసింది వేరు, నూజివీడు మందుల షాపు అరలో ఉన్నది వేరు. ఆ రెండిటి మధ్య ఏళ్ళ తరబడి పరీక్షలుంటాయి. రేణువు చిన్నదైనంత మాత్రాన కంటికి మేలని లేదు. ఆ రేణువు దేనితో చేశారు, కంట్లో ఎన్నాళ్ళు ఉంటుంది, లోపలి కణాలకు ఏం చేస్తుంది, సీసాలో గడ్డకట్టకుండా ఉంటుందా అన్నీ తేలాలి. అందుకే మన దేశంలో నానో మందుల మదింపుకు 2019లో ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి. ఎండ సంగతి కూడా మరిచిపోకండి. రోహిణి కార్తెలో బైకు డిక్కీలో పడేసిన సీసాలో ఇలాంటి సున్నితమైన మందు చెదిరిపోవచ్చు. పైకి చూస్తే ఏ తేడా తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది, కాస్త నిదానంగా చదవండి. కంటి కోసం అనుమతి పొందిన నిజమైన నానో చుక్కల్లో స్టెరాయిడ్లు కూడా ఉన్నాయి. 2018లోనే అమెరికాలో లోటెప్రెడ్నాల్ అనే స్టెరాయిడ్‌ను కంటి జిగటను దాటే సూక్ష్మ రేణువులుగా చేసి, ఆపరేషన్ తర్వాత వాడటానికి అనుమతించారు. దాని గొప్పతనమే మందును బాగా లోపలికి చేర్చడం. అలాంటి చుక్క బూజు పట్టిన కంట్లో పడితే, మామూలు స్టెరాయిడ్ చేసే కీడునే మరింత లోతుకు తీసుకెళ్ళి చేస్తుంది. నానో అనేది మందు కాదు, మందును మోసే బండి. ఆ బండిలో ఏముందో చూడకుండా ఎక్కించుకోకూడదు.

'నానో' అనే మాట మన రైతులకు కొత్తేమీ కాదు. 2021 నుంచి నానో యూరియా సీసాలు చేలోకి వచ్చాయి, తర్వాత నానో డీఏపీ వచ్చింది. అలవాటైన పేరు మీద నమ్మకం తొందరగా కుదురుతుంది. కంటి మందు డబ్బా మీద అదే మాట కనబడితే చేయి అటు వెళ్ళడం సహజం. ఆ సహజత్వాన్నే సొమ్ము చేసుకోవాలని చూసేవాళ్ళు వస్తారు. ఇంతకుముందు జరిగినవి చూస్తే నా భయం ఊరికే కాదని మీకే తెలుస్తుంది.

2021 వేసవి గుర్తుందా? కరోనా తగ్గినవాళ్ళకు బ్లాక్ ఫంగస్ వచ్చింది. అదుపులో లేని షుగరు, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లు దానికి తోడయ్యాయి. ప్రాణం కాపాడటానికి ఎందరికో కన్ను తీసేశారు. అప్పుడు ఊరూరా వినబడిన లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కూడా సూక్ష్మ రేణువుల మందే, కొవ్వు బుడగల్లో నింపిన బూజు మందు. అది దొరక్క కుటుంబాలు అల్లాడాయి. ఆ కొరతలోనే నకిలీలు పుట్టాయి. ఆ జూన్‌లో ఢిల్లీ పోలీసులు నకిలీ సీసాలు వేల సంఖ్యలో పట్టుకున్నారు, అరెస్టయినవారిలో డాక్టర్లు కూడా ఉన్నారు. ఆశ ఎక్కడ ఎక్కువగా ఉంటుందో నకిలీ అక్కడికే చేరుతుందని మనం కళ్ళారా చూశాం. స్టెరాయిడ్ బూజుకు బలమిస్తుందన్న పాఠం కూడా అప్పుడే ఇంటింటికీ తెలిసింది. కరోనాతోపాటు ఆ పాఠాన్నీ మరిచిపోకూడదు.

అదే నెలల్లో కరోనాకు పనిచేస్తుందని చెప్పిన కృష్ణపట్నం మందు కోసం జనం బారులు తీరారు. 2021 మే 31న రాష్ట్ర ప్రభుత్వం అందులో కొన్ని రకాలకు అనుమతిస్తూ, కంటి చుక్కలను మాత్రం ఆపింది. కంటి విషయంలో అంత జాగ్రత్త అవసరమే. నోట్లో వేసుకున్న మందును కడుపు కొంత వడపోస్తుంది. కంట్లో వేసినదానికి అలాంటి వడపోత లేదు.

2024 సెప్టెంబరులో ఇంకొకటి జరిగింది. దగ్గరి చూపు కళ్ళద్దాలు అక్కర్లేకుండా చేస్తాయని ఊదరగొట్టిన చుక్కల మందుకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన అనుమతిని తానే నిలిపివేసింది. అనుమతించినదానికి మించి ప్రచారం చేయడమే కారణం. అంతకుముందు సంవత్సరం తమిళనాడులో తయారై అమెరికా వెళ్ళిన కృత్రిమ కన్నీటి చుక్కల మీద అక్కడ గగ్గోలు పుట్టింది. వాటితో ముడిపడిన మొండి సూక్ష్మజీవి 81 మందికి సోకింది, నలుగురు చనిపోయారు, 14 మంది చూపు కోల్పోయారు, నలుగురికి కనుగుడ్డు తీసేయాల్సి వచ్చింది. అవి మందు కూడా కాదు, కన్ను తడిగా ఉంచే నీళ్ళ చుక్కలు. సీసా శుభ్రంగా లేకపోతే అంత చిన్న వస్తువు అంత పని చేస్తుంది. అలాంటప్పుడు, తయారీదారు పేరు తెలియని, ఫోన్లో ప్రకటన చూసి పార్శిల్‌లో తెప్పించిన చుక్కలను కంట్లో వేసుకునే ముందు ఎంత ఆలోచించాలి?

బూజు పుండుకు ఈ రోజు దొరికే మంచి మందు నాటామైసిన్. అది కొత్తది కాదు, దాదాపు అర్ధ శతాబ్దంగా వాడుకలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. దానికంటే కొత్తది, లోపలికి బాగా వెళ్తుందని పేరున్న వొరికొనజోల్ చుక్కలతో దాన్ని పోల్చి, అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 323 మంది మీద పెద్ద పరీక్ష జరిగింది. ఫలితాలు 2013లో వచ్చాయి. పాత నాటామైసినే మెరుగని తేలింది, ముఖ్యంగా ఫ్యుజేరియం పుండ్లకు. లోపలికి ఎక్కువ వెళ్ళే కొత్త మందే మంచిదన్న ఊహ తప్పవచ్చని ఇంతకంటే స్పష్టంగా చెప్పే సాక్ష్యం ఏం కావాలి?

నాటామైసిన్‌తో కష్టం ఉంది, దాచను. సీసా అడుగున తెల్లని మడ్డి దిగుతుంది. ప్రతిసారీ బాగా కుదపాలి, కుదపకపోతే పై తేట మాత్రమే కంట్లో పడుతుంది. మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటకీ వేయాలి. వారాల తరబడి వేయాలి. కోతల రోజుల్లో, ఒక్కరి కూలితో నడిచే ఇంట్లో ఇది ఎంత భారమో తెలుసు. ఈ భారం తగ్గించడానికే శాస్త్రవేత్తలు సూక్ష్మ రేణువుల వెంటపడుతున్నారు. ఏదో ఒక రోజు రోజుకు ఒక్క చుక్కతో సరిపోవచ్చు. ఆ రోజు వచ్చాక మీ కంటి డాక్టరే రాసిస్తారు. అప్పటిదాకా ఎరుపు తగ్గిందని మధ్యలో ఆపకండి. మరిచిపోయినప్పుడు గుర్తుచేసేందుకు ఇంట్లో ఇంకొకరు గడియారం చూడాలి.

గీసుకున్న తర్వాత ఎంత త్వరగా వైద్యం అందాలి? దీనికి నేపాల్‌లోని భక్తపూర్ పల్లెలు సమాధానం చెప్పాయి. అక్కడ ఊరి కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, కంటి గీతను రంగుచుక్క వేసి గుర్తించి, వెంటనే యాంటీబయాటిక్ లేపనం పెట్టించారు. 2001లో ఫలితాలు వచ్చాయి. గీసుకున్న 18 గంటల్లోపు లేపనం మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికీ పుండు పడలేదు. ఒక రోజు దాటి, రెండు రోజుల్లోపు వచ్చిన 49 మందిలో 14 మందికి పుండు పడింది. ఆ లేపనం మీ అంతట మీరు కొని పెట్టుకోమని ఇది చెప్పడం లేదు. గంటలు లెక్కపెట్టుకోమని చెబుతున్నాను. పొద్దున గీసుకుంటే రాత్రి పడుకునే లోపు ఎవరైనా తెలిసినవారు చూసి తీరాలి.

నూజివీడు నుంచి విజయవాడ ఎంత దూరం? తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. విజయవాడలో, ఏలూరులో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి పరీక్ష అయిపోతుంది. పుండు మీంచి కాస్త గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే బూజా, బ్యాక్టీరియానా అన్నది చాలాసార్లు అప్పటికప్పుడే తెలుస్తుంది. ఏ చుక్కలూ వేయకముందే వెళ్తే ఆ పరీక్ష మరింత కచ్చితంగా వస్తుంది. ఇప్పటికే ఏవైనా వేసి ఉంటే ఆ సీసా వెంట తీసుకెళ్ళండి. భయపడి దాచకండి. ఏం వేశారో తెలిస్తే డాక్టరుకు సగం దారి దొరికినట్టే.

చనుబాలు, ఆముదం, నందివర్ధనం రసం, ఆకుపసరు కంట్లో పోయకండి. పెద్దలు ప్రేమతోనే చెబుతారు, కాదనడం కష్టమే. కానీ తెగిన పొర మీద అవి కొత్త సూక్ష్మజీవులను దించుతాయి. నాలుకతో నలుసు తీయించుకోకండి. గుచ్చుకున్న పుల్లను ఇంట్లో లాగకండి, కన్ను నొక్కకుండా పైన చిన్న కప్పు లాంటిది కట్టి తీసుకెళ్ళండి. పురుగు మందో, సున్నమో, కార్బైడ్ పొడో కంట్లో పడితే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తే ముందు మంచినీళ్ళతో కనీసం పావుగంట ధారగా కడగండి. ఆ ఒక్క సందర్భంలోనే ఆసుపత్రి కంటే ముందు నీళ్ళు. ఇక కార్బైడ్‌తో కాయ మాగవేయడం చట్టం ఎప్పుడో నిషేధించింది. ఆ పొట్లాలు గోదాములో లేకపోతే ఆ గాయమే ఉండదు.

పిల్లల మాట ఒకటి చెప్పి తీరాలి. ఎండాకాలం రాగానే కళ్ళు దురదపెట్టి నలుపుకునే పిల్లలు మన ఊళ్ళలో ఎక్కువ. ఒకసారి డాక్టరు ఇచ్చిన చుక్కలతో హాయిగా ఉందని, అదే చీటీతో ఏళ్ళ తరబడి షాపులో కొని వేస్తుంటారు. అది స్టెరాయిడ్ అయితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిని, నీటికాసులు వస్తాయి. నొప్పి ఉండదు. బిడ్డకు చూపు పక్కల నుంచి మూసుకుపోతున్న సంగతి తల్లికి తెలియదు. అలా పోయిన చూపు రాదు. మీ పిల్లవాడికి ఏవైనా చుక్కలు నెలకు మించి వేస్తుంటే, రేపే తీసుకెళ్ళి కంటి ఒత్తిడి చూపించండి.

మందుల షాపు నడిపే తమ్ముళ్ళారా, ఊళ్ళో మొదట పలికే ఆర్‌ఎంపీ అన్నలారా, మీ మీద నింద వేయడం లేదు. రాత్రి తొమ్మిదింటికి తలుపు తట్టిన మనిషికి ఏదో ఒకటి ఇచ్చి పంపాలన్నది మీ మంచితనమే. కానీ ఎర్రని కన్ను చూసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఏదన్నా గీసుకుందా?" అవునంటే చుక్కలివ్వకండి. బస్సు టైము చెప్పండి. మీ ఒక్క మాట వల్ల ఒక మనిషి చూపు మిగులుతుంది. అది ఏ చుక్కల వల్లా కాదు.

తోట యజమానులకు, గుత్తకు కాయ తీసుకున్న వ్యాపారులకు చేతులు జోడించి అడుగుతున్నాను. కోతకు దిగే ప్రతి మనిషికీ కళ్ళకు అడ్డుగా ఉండే కళ్ళజోడు ఇవ్వండి. ప్లాస్టిక్‌ది చాలు. ఒక ట్రే బంగినపల్లి ధరలో చాలా కళ్ళజోళ్ళు వస్తాయి. చెమటకు మసకబారుతుందని తీసేస్తారు, నిజమే. తుడుచుకోవడానికి గుడ్డ ఇవ్వండి, పక్కలు తెరిచి ఉన్న రకం కొనండి. గీసుకుందని చెప్పిన కూలీకి ఆ రోజు కూలి కోయకండి. కూలి పోతుందన్న భయంతో చెప్పకుండా ఉండేవాళ్ళే ఆలస్యంగా ఆసుపత్రికి చేరుతున్నారు.

పత్రికలలో రాసేవాళ్ళకూ ఒక విన్నపం. ఎలుక కంట్లో పనిచేసిన మందును మనిషికి వచ్చేసినట్టు శీర్షిక పెట్టకండి. అది ఇంకా ఎన్ని మెట్లు ఎక్కాలో అదే వార్తలో రాయండి.

ఈ రాత్రే ఇంట్లో గూళ్ళు, ఫ్రిజ్ తలుపు వెతకండి. మూత తీసి నెల దాటిన ప్రతి చుక్కల సీసా పారేయండి, ఎవరికి రాసినదో తెలియని సీసా ఇంట్లో ఉండనివ్వకండి. రేపు తోటకు వెళ్ళేవారికి సద్ది మూటతోపాటు కళ్ళజోడు పెట్టి పంపండి. ఇంట్లో ఇప్పటికే ఎర్రని కన్నుతో ఎవరైనా ఉంటే, మిగతా పనులన్నీ ఆపి పొద్దున్నే వాళ్ళను మొదటి బస్సు ఎక్కించండి.